కమికాజే కంటే రెండేళ్ల ముందే మొదలైన కథ: జపాన్ డైవ్ బాంబర్ 'వాల్'

కమికాజే అనగానే మనకి గుర్తొచ్చేది 1944 చివర్లో ఫిలిప్పీన్స్, విమానంతో సహా వెళ్లి ఓడ మీద పడ్డ కుర్ర పైలట్లు. ఓడిపోతున్న దేశం చివరి నిమిషంలో తెగించి చేసిన పని అని చాలామంది రాసేస్తుంటారు. నేను ఒప్పుకోను. మనుషుల్ని తిరిగి రాని దాడికి పంపడం జపాన్ నౌకాదళానికి 1942 నాటికే అలవాటు కావడం మొదలైంది. అదెలా జరిగిందో చూడాలంటే ఐచి డీ3ఏ అనే ఒక్క విమానం చరిత్ర చాలు. మిత్రదేశాలు దానికి పెట్టుకున్న పేరు 'వాల్'.

1942 ఆగస్టు 7న అమెరికా సేనలు దక్షిణ పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్, తులాగి దీవుల్లో దిగాయి. కబురు రబౌల్‌లోని జపాన్ స్థావరానికి చేరింది. అక్కడ తొమ్మిది వాల్ విమానాలు ఉన్నాయి. రబౌల్ నుంచి గ్వాడల్‌కెనాల్ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. వాల్ ఒక్కసారి ఇంధనం నింపితే ఎగరగలిగేది దాదాపు 1,470 కిలోమీటర్లు. లెక్క ఎవరు వేసినా ఒకటే, వెళ్లొచ్చు, రాలేరు. అయినా పంపారు. పెద్ద బాంబు మోసే వీలు లేక రెక్కల కింద చెరో 60 కిలోల బాంబు పెట్టి, తిరుగు దారిలో షార్ట్‌లాండ్ దీవుల దగ్గర సముద్రంలో దిగిపోండి, మనవాళ్లు వచ్చి ఎక్కించుకుంటారు అని చెప్పారు. వాళ్లు సాధించింది మగ్‌ఫర్డ్ అనే డిస్ట్రాయర్ (వేగంగా తిరిగే చిన్న యుద్ధనౌక) మీద ఒక బాంబు. తొమ్మిది విమానాల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు, మనుషుల్లో కొందరినే నీళ్లలోంచి తీయగలిగారు. అప్పటికి కమికాజే దళాలు ఏర్పడటానికి ఇంకా రెండేళ్లకు పైగా టైముంది.

ఇంతకీ ఈ విమానం ఎక్కడి నుంచి వచ్చింది? 1930లలో డైవ్ బాంబింగ్ మీద అన్ని నౌకాదళాలకీ మోజే. ఎత్తు నుంచి సమాంతరంగా ఎగురుతూ బాంబు వదిలితే, అది కిందికి వచ్చేలోపు ఓడ పక్కకి తిరిగిపోతుంది. అదే నిటారుగా దూకుతూ దగ్గరికొచ్చి వదిలితే తప్పించుకునే వ్యవధి ఉండదు. జపాన్ మొదట జర్మనీ హైన్‌కెల్ కంపెనీ దగ్గర నమూనా తీసుకుని డీ1ఏ అనే రెండంతస్తుల రెక్కల విమానం చేసుకుంది. దాని స్థానంలో ఒంటి రెక్కల విమానం కావాలని 1936లో నౌకాదళం పోటీ పెడితే గెలిచింది ఐచి కంపెనీ. దాని గుండ్రని కొసల రెక్కల్లో కూడా హైన్‌కెల్ పోలిక కనిపిస్తుంది. మొదటి నమూనాకి ఇంజన్ బలం చాలలేదు, దూకేటప్పుడు వేగాన్ని ఆపే బ్రేకులు వణికిపోయేవి. ఇంజన్ మార్చి, బ్రేకులు గట్టిచేసి, 1939 డిసెంబర్లో టైప్ 99గా దళంలోకి తీసుకున్నారు. జపాన్ సామ్రాజ్య సంవత్సరం 2599లోని చివరి రెండంకెలే ఆ 99.

చూడ్డానికి అప్పటికే పాతకాలం విమానంలా ఉండేది. చక్రాలు లోపలికి ముడుచుకోవు, ఎప్పుడూ కిందికి వేలాడుతూనే ఉంటాయి. వేగం గంటకు 385 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయేది. ఇంధనం ట్యాంకులకి తూటా తగిలితే కారకుండా మూసుకునే ఏర్పాటు లేదు, మనుషులకి కవచం లేదు. కానీ చక్కగా మాట వినేది. పైలట్ మూడు వేల మీటర్ల ఎత్తున ఓడని చూసుకుని, ముక్కు కిందికి వంచి దాదాపు 60 డిగ్రీల వాలులో దూకుతాడు. అతని కన్ను గాలి అద్దంలోంచి పొడుచుకొచ్చిన దుర్భిణి గొట్టానికి ఆనుకుని ఉంటుంది. ఎత్తు చూసే తీరిక అతనికి ఉండదు కాబట్టి వెనక సీటు మనిషి ఎత్తు చదివి చెబుతూ ఉంటాడు. నాలుగైదు వందల మీటర్ల దగ్గర మీట లాగితే కడుపు కింది 250 కిలోల బాంబుని ఒక ఇనుప చట్రం ముందుకి ఊపి వదులుతుంది, లేకపోతే ఆ వాలులో బాంబు వెళ్లి సొంత ప్రొపెల్లర్‌కే తగులుతుంది. ఆ తర్వాత విమానాన్ని పైకి లేపడం. ఈ పని తప్పు లేకుండా చెయ్యాలంటే ఏళ్ల సాధన కావాలి, యుద్ధం మొదలయ్యేనాటికి జపాన్ దగ్గర అలాంటి జంటలు ఉన్నాయి. వాల్ అసలు బలం ఆ మనుషులే. నా వాదన అంతా ఇక్కడే ఉంది.

పెర్ల్ హార్బర్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. 1941 డిసెంబర్ 7న మొదటి దఫాలో 51, రెండో దఫాలో 78 వాల్‌లు వెళ్లాయి. ఆ 250 కిలోల బాంబు యుద్ధనౌకల కవచాన్ని చీల్చలేదు కాబట్టి మొదటి దఫాకి విమానాశ్రయాలు అప్పగించారు. జపాన్ ఆ రోజు పోగొట్టుకున్న 29 విమానాల్లో 15 వాల్‌లే. గెలిచిన రోజున కూడా సగం నష్టం ఈ దళానిదే అన్నది అప్పుడు ఎవరికీ పెద్ద విషయంగా కనిపించలేదేమో. ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ మీద 71 వాల్‌లు పడ్డాయి.

ఆ తర్వాత మన వైపు. 1942 ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం. అడ్మిరల్ నగుమో నడిపిన జపాన్ విమానవాహక నౌకల దళం కొలంబో మీద దాడి చేసిన రోజే శ్రీలంకకి నైరుతిగా సముద్రంలో కార్న్‌వాల్, డోర్సెట్‌షైర్ అనే రెండు బ్రిటిష్ క్రూయిజర్లు కనబడ్డాయి. ఎగుసా తకషిగె నాయకత్వంలో 53 వాల్‌లు వెళ్లాయి. ఎండ వెనకేసుకుని, ఓడ ముందు వైపు నుంచి, అక్కడ గురిపెట్టగల తుపాకులు తక్కువ కాబట్టి, మూడేసి చొప్పున గద్దలు వాలినట్టు వాలాయి. ఇరవై నిమిషాలు తిరక్కుండా రెండు ఓడలూ మునిగిపోయాయి. 424 మంది చనిపోయారు. మిగిలిన 1,122 మంది ఓడల శకలాలు పట్టుకుని ఆ పగలు, ఆ రాత్రి, మర్నాడు సాయంత్రం దాకా నీళ్లలోనే ఉన్నారు. ఏప్రిల్ 9న బట్టికలోవా దగ్గర హెర్మిస్ అనే విమానవాహక నౌక దొరికింది. దాని మీద ఆ రోజు ఒక్క విమానం కూడా లేదు. తోడుగా ఉన్న ఆస్ట్రేలియా డిస్ట్రాయర్ వాంపైర్‌తో పాటు అదీ మునిగింది. ఆ వారం రోజుల గురి మళ్లీ ఆ యుద్ధంలో జపాన్‌కి ఎన్నడూ కుదరలేదని నా అభిప్రాయం.

ఈ రెండు దాడుల మధ్య, ఏప్రిల్ 6న, విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. వీటిని మాత్రం వాల్ ఖాతాలో వెయ్యకూడదు. బంగాళాఖాతంలోకి వచ్చింది ఓజావా నడిపిన వేరే దళం, అందులోని ర్యూజో నౌక మీదున్న బాంబర్లు నకజిమా బీ5ఎన్‌లు. మన తీరానికి వచ్చినవి అవే. విశాఖలో రేవు దగ్గర బాంబులు పడ్డాక జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్లు పట్టుకుపోయారు, ఆంధ్ర విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకి తరలించారు. అప్పుడు పేలకుండా మిగిలిన ఒక బాంబు తొడుగు విశాఖ మ్యూజియంలో ఉంది. మనవాళ్లు పడ్డ ఆ టెన్షన్ అంతా వేరే విమానం వల్లే అయినా, రెండు దళాలూ ఒకే పథకంలో భాగం.

మరి ఇంత గురి ఉన్న దళం ఎలా కరిగిపోయింది? నెల తిరిగేసరికి కోరల్ సముద్ర యుద్ధం. మే 7న నియోషో అనే ఇంధన నౌకని విమానవాహక నౌక అనుకుని 36 వాల్‌లని దాని మీదికి పంపారు. అదే సాయంత్రం చీకటి పడే వేళ 12 వాల్‌లని, 15 టార్పెడో విమానాల్ని కలిపి మళ్లీ పంపితే, చీకట్లో దారి తప్పిన కొందరు అమెరికా నౌక యార్క్‌టౌన్‌నే తమ నౌక అనుకుని దిగబోయారు. మర్నాడు, పెర్ల్ హార్బర్ మొదటి దఫాలో వాల్‌లని నడిపిన తకహషి కకుయిచి చనిపోయాడు. జూన్ 4న మిడ్‌వే యుద్ధం. జపాన్ నాలుగు విమానవాహక నౌకల్లో మూడు కాలిపోతుంటే, నాలుగోదైన హిర్యూ నుంచి కొబయాషి మిచియో 18 వాల్‌లతో బయల్దేరి యార్క్‌టౌన్ మీద మూడు బాంబులు వేయించగలిగాడు. తిరిగొచ్చినవి ఐదు. కొబయాషి రాలేదు. అక్టోబర్ 26న శాంటా క్రూజ్ యుద్ధంలో అమెరికా విమానవాహక నౌక హార్నెట్‌ని ముంచారు, కానీ 148 మంది విమాన సిబ్బందిని పోగొట్టుకున్నారు. అది మిడ్‌వేలో పోయినవాళ్ల కంటే ఎక్కువ. ఆ రోజే దెబ్బతిన్న ఒక వాల్ నేరుగా వచ్చి హార్నెట్ పొగగొట్టానికి తగిలి కూలింది. పైలట్ కావాలని చేశాడా అన్నది తేల్చడానికి ఎవరూ మిగల్లేదు.

అమెరికా తన అనుభవజ్ఞుల్ని కొన్నాళ్లకి వెనక్కి పిలిపించి కొత్తవాళ్లకి నేర్పించమంది. జపాన్ మాత్రం ఉన్నవాళ్లని ఉన్నచోటే, పోయేదాకా ఉంచింది. నేర్చినవాడు పోతే వాడి దగ్గర నేర్చుకోవాల్సినవాడికీ నష్టమే కదా, ఆ లెక్క పైవాళ్లకి పట్టలేదు. 1942 శరత్కాలంలో మరింత బలమైన ఇంజన్‌తో డీ3ఏ2 వచ్చింది, వేగం 430 కిలోమీటర్లకి పెరిగింది. కవచం రాలేదు. 1943 ఏప్రిల్లో గ్వాడల్‌కెనాల్ దగ్గర ఆరన్ వార్డ్ అనే డిస్ట్రాయర్‌ని ముంచారు, అంతకంటే పెద్ద విజయం ఆ ఏడాది వెతికినా దొరకదు. దీని స్థానంలో వచ్చిన సుయిసెయ్ వేగమైనదే, అయితే చిన్న నౌకల మీద దాన్ని దింపడం కష్టమై, 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధానికి కూడా కొన్ని నౌకలు వాల్‌లనే మోసుకెళ్లాయి. ఎగుసా ఆ నెలలోనే సైపాన్ దగ్గర వేరే విమానంలో చనిపోయాడు.

1944 అక్టోబర్లో అడ్మిరల్ ఓనిషి తకిజిరో ఫిలిప్పీన్స్‌లో ఆత్మాహుతి దళాలు కట్టేనాటికి, దూకుతూ గురిపెట్టి బాంబు వదిలి మళ్లీ పైకి లేవగల జంటలు దాదాపు లేవు. దూకడం వరకూ నేర్పించగలరు, లేవడం నేర్పే టైము, పెట్రోలు, గురువులు లేరు. నవంబర్ 1న ఒక వాల్ అబ్నర్ రీడ్ అనే డిస్ట్రాయర్ మీద పడి దాన్ని ముంచింది. 1945 వసంతంలో ఓకినావా మీదికి ఉసా, హ్యకురిగహారా శిక్షణ దళాల నుంచి పాత వాల్‌లని పంపారు. అంటే బడిలో పాఠం చెప్పడానికి ఉంచిన విమానాల్ని, పాఠం నేర్చుకుంటున్న పిల్లల్ని, చెబుతున్నవాళ్లని కూడా. చదివిన ప్రతిసారీ నాకు కోపం వచ్చేది ఇక్కడే.

1945 జూన్ 10న అలాంటి ఒక వాల్ విలియం డి. పోర్టర్ అనే డిస్ట్రాయర్ మీదికి దూకింది. ఓడ తప్పించుకుంది, విమానం పక్కనే నీళ్లలో పడి, ఓడ అడుగు కిందికి వెళ్లాక పేలింది. మూడు గంటల్లో ఓడ మునిగిపోయింది, అయితే ఓడలోవాళ్లు ఒక్కరూ చనిపోలేదు. యుద్ధం ముగియడానికి అప్పటికి రెండు నెలల పైన కొన్ని రోజులు మిగిలి ఉన్నాయి, ఆ రోజుల్లోనూ వాల్‌లు బయల్దేరుతూనే ఉన్నాయి.