విత్తనాలు ఆన్‌లైన్‌లో: రైతు ఎందుకు ఆగుతున్నాడు

రైతు ఫోన్‌లో ధర చూస్తాడు, ఫొటో చూస్తాడు, ఆర్డర్ మాత్రం పెట్టడు. అది చూసి చాలామంది ‘రైతులకు టెక్నాలజీ అంటే భయం’ అని తేల్చేస్తారు. ఆ మాట నాకు అన్యాయంగా అనిపిస్తుంది. కంటితో చూడని సరుకును దూరం నుంచి తెప్పించుకోవడం రైతుకు పాత అలవాటే.

1872లో చికాగోలో ఆరన్ మాంట్‌గోమరీ వార్డ్ అనే వ్యాపారి, ఉత్తరం రాసి తెప్పించుకునే సరుకుల జాబితాను ఒక్క కాగితం మీద అచ్చేసి అమెరికా పల్లెలకు పంపాడు. స్థానిక వ్యాపారి చెప్పిందే ధర అయిపోయిందని అక్కడి రైతులు విసిగిపోయి ఉన్నారు. 1867లో మొదలైన గ్రేంజ్ అనే రైతు సంఘం సభ్యులు అతని తొలి ఖాతాదారుల్లో ముఖ్యులు. 1875లో వార్డ్ ఇంకో మాట కలిపాడు: నచ్చకపోతే డబ్బు వాపసు. నన్నడిగితే ధర కన్నా ఈ హామీయే పెద్ద మలుపు. 1896లో పల్లె ఇళ్లకే టపా, 1913 జనవరి 1 నుంచి పార్శిల్ పోస్టు వచ్చాయి. పల్లె వ్యాపారులు పార్శిల్ పోస్టును గట్టిగా వ్యతిరేకించారు.

ఇంటర్నెట్ హోరులో, 1999-2000 ప్రాంతంలో, ఎరువులు, పురుగుమందులు అమ్మే సైట్లు పుట్టుకొచ్చాయి. చాలావరకు నిలవలేదు. నెట్ నత్తనడకన ఉండటం ఒక కారణమే కానీ, దుకాణంలో జరిగే పని ఆ సైట్లలో జరగలేదు.

ఆ పని ఏమిటో చూడండి. రైతు మచ్చలు పడ్డ ఆకు తెంపుకుని దుకాణానికి వెళ్తాడు. అక్కడి మనిషి ఆకు తిరగేసి అడుగువైపు చూస్తాడు. పురుగా, తెగులా చెబుతాడు. మందు డబ్బా ఇచ్చి ట్యాంకుకు ఎంత కలపాలో చెబుతాడు. డబ్బు పంట చేతికొచ్చాక. విత్తనం మొలవకపోతే వెళ్లి నిలదీయడానికి ఆ మనిషి ఉంటాడు. చొక్కా సైజు తప్పితే వాపసు పంపొచ్చు, అదను దాటిపోయాక విత్తనం డబ్బు వెనక్కి వచ్చినా ఆ సీజన్ తిరిగి రాదు. రైతు టెన్షన్ అంతా దీని గురించే.

కొత్త సాంకేతికతను జనం ఎందుకు వాడతారో చెప్పడానికి 1989లో ఫ్రెడ్ డేవిస్ అనే పరిశోధకుడు రెండు విషయాలు చూపించాడు: ఉపయోగం, వాడటంలో సులువు. అది ఆఫీసు కంప్యూటర్ల కోసం పుట్టిన ఆలోచన. రైతుల దగ్గరికి వచ్చేసరికి పరిశోధకులు దానికి నమ్మకాన్ని, నష్టభయాన్ని కలపాల్సి వచ్చింది.

2014లో అమెరికాలో ఫార్మర్స్ బిజినెస్ నెట్‌వర్క్ మొదలైంది. సభ్యులు తమ బిల్లులు పంచుకుంటే, ఒకే మందుకు ఎవరు ఎంత కట్టారో అందరికీ తెలిసింది. అదే ఏడాది చైనాలో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థ అలీబాబా పల్లెల్లో సేవా కేంద్రాలు పెట్టే పనికి దిగింది. రైతు తరఫున ఆర్డర్ పెట్టడానికి అక్కడ ఒక మనిషి కూర్చునేవాడు. తెర మీద లేని భరోసా ఆ మనిషి దగ్గర దొరికింది.

అందుకే స్ప్రేయర్ నాజిల్‌ను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రైతే, విత్తన సంచి కోసం దుకాణం మెట్లెక్కుతాడు. సంచి ఖాళీ అయ్యాక కూడా లాట్ నంబర్ ఉన్న ట్యాగ్‌ను, బిల్లును పంట ఇంటికి చేరేదాకా పారేయడు.