వయసులో సగం

చిరంజీవులైన మనవలకూ మనవరాళ్లకూ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకు వచ్చినప్పుడు వరుసగా మూడు చెస్ ఆటల్లో నన్ను ఓడించి, పావులు డబ్బాలో సర్దుతూ మీరడిగిన ప్రశ్న నాకింకా గుర్తుంది: "పెద్దవాళ్లకు అనుభవం ఎక్కువ కదా తాతయ్యా, మరి చిన్నవాళ్ల చేతిలో ఎందుకు ఓడిపోతారు?" ఆ పూటకు నవ్వి ఊరుకున్నాను. నా ఓటమిలో దానికి సమాధానం దొరకదు. నేను ఓడింది వయసు వల్ల కాదు, చూసుకోకుండా మంత్రిని పోగొట్టుకోవడం వల్ల. అందుకని 2025 జులైలో జార్జియా దేశంలోని బతూమి నగరంలో జరిగిన మహిళల చెస్ ప్రపంచ కప్ సంగతి రాస్తున్నాను.

ఆ పోటీలో 107 మంది ఆడారు. ఓడినవాళ్లు ఇంటికి, గెలిచినవాళ్లు తరువాతి రౌండుకు. ప్రతి జోడీ తెల్లపావులతో ఒకటి, నల్లపావులతో ఒకటి, రెండు క్లాసికల్ ఆటలు, అంటే గంటల తరబడి సాగేవి, ఆడుతుంది. అవి సమమైతే టైబ్రేక్ మొదలవుతుంది. అందులో ఒక్కొక్కరికి ముందు 15 నిమిషాల ఆటలు, అక్కడా తేలకపోతే 10 నిమిషాలవి, ఆ తరువాత 5 నిమిషాలవి. ప్రతి ఎత్తుకూ కొన్ని సెకన్లు అదనంగా కలుస్తాయి గాని, ఆలోచించే వ్యవధి మాత్రం మెట్టు మెట్టుకూ కరిగిపోతుంది. మనుషుల వయసు బయటపడేది ఇక్కడేనని చాలామంది నమ్మకం. ఆ నమ్మకం ఎంత నిజమో మీరే చూడండి.

ఫైనల్లో ఎదురెదురుగా కూర్చున్నవారు మన గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్. అప్పటికి హంపికి 38 ఏళ్లు, దివ్యకు 19, అంటే సరిగ్గా సగం. హంపి 2002లో, పదిహేనేళ్లు నిండిన రెండు నెలల లోపే, గ్రాండ్‌మాస్టర్ (చెస్‌లో అత్యున్నత హోదా) అయినప్పుడు దివ్య ఇంకా పుట్టనే లేదు. అప్పట్లో అంత చిన్న వయసులో ఆ హోదా పొందిన మహిళ ప్రపంచంలో మరొకరు లేరు. హంగేరీకి చెందిన జూడిత్ పోల్గార్ రికార్డును మూడు నెలల తేడాతో దాటింది మన అమ్మాయి. ఈనాడు అనుభవజ్ఞురాలని మనం పిలుస్తున్న మనిషి, ఆనాడు పెద్దవాళ్లకు చెమటలు పట్టించిన పిల్ల అన్నమాట. 2011లో అల్బేనియా రాజధాని టిరానాలో ప్రపంచ టైటిల్ కోసం ఆడేనాటికే ఆమె కథ తిరగబడింది: 24 ఏళ్ల హంపిని 17 ఏళ్ల చైనా అమ్మాయి హౌ యిఫాన్ ఓడించింది. 24 ఏళ్లకే పెద్దరికం మీద పడే ఆట ఇది!

అనుభవం అంటే ఏమిటో కూడా చెప్పాలి. బల్ల మీద ఒక స్థితి కనబడగానే, ఇలాంటిది ఇంతకు ముందు ఆడాను, ఇక్కడ తొందరపడితే బంటు పోతుంది, మంత్రులను మార్చుకుంటే ఆట నిలబడుతుంది అని లెక్క వేయకుండానే తట్టడం అనుభవం. అమ్మమ్మ ఉప్పు కొలవకుండా వేసినట్లన్నమాట. ఎదుటివాళ్లు పది ఎత్తుల లోతుకు లెక్క వేసి తెలుసుకునేదాన్ని, ఇన్నేళ్ల ఆట ఒక్క చూపులో చెప్పేస్తుంది. అయితే ఇప్పటి పిల్లలకు కంప్యూటర్ ఉంది. హంపికి చిన్నతనంలో తండ్రి అశోక్ గారు పక్కన కూర్చుని నేర్పిన విద్యను, ఈ తరం పిల్లలు యంత్రం ముందు ఇంకా త్వరగా పోగు చేసుకుంటున్నారు. పెద్దవాళ్లకున్న ముందంజలో కొంత అలా కరిగిపోయిందని నా అభిప్రాయం.

అయినా సెమీఫైనల్ చూడండి. హంపికి ఎదురు చైనా క్రీడాకారిణి లీ తింగ్‌జియే, హంపి కంటే పదేళ్లు చిన్నది. క్లాసికల్ ఆటలు సమం, 15 నిమిషాల ఆటలు సమం. 10 నిమిషాల ఆటల్లో మొదటిది హంపి ఓడిపోయింది. రెండోది గెలిచి తీరాలి, డ్రా అయినా ఇంటిదారే. అలాంటి ఆట గెలిచి, ఆపైన 5 నిమిషాల ఆటలు రెండూ గెలిచి 5-3తో ఫైనల్ చేరింది. వ్యవధి తగ్గేకొద్దీ పెద్దవాళ్లు తడబడతారనేవాళ్లు ఈ ఒక్క మ్యాచ్ గుర్తుపెట్టుకుంటే చాలు. అంతకు ఆరేడు నెలల ముందు, 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో ప్రపంచ ర్యాపిడ్ (తక్కువ వ్యవధి ఆటల) టైటిల్ రెండోసారి గెలిచింది కూడా ఆమే. అక్కడ మొదటి రౌండు ఓటమితో మొదలుపెట్టి మరీ గెలిచింది.

దివ్య దారి వేరు. ఆమె 15వ సీడ్, అంటే పోటీకి ముందు బలాబలాల వరుసలో పదిహేనో స్థానం. రెండో సీడ్ జూ జినర్‌ను, క్వార్టర్‌ఫైనల్ టైబ్రేక్‌లో మన గుంటూరు ద్రోణవల్లి హారికను, సెమీఫైనల్లో మాజీ ప్రపంచ చాంపియన్ తాన్ ఝోంగ్యీని దాటుకుంటూ వచ్చింది. హారిక, దివ్య 2024లో బుడాపెస్ట్ చెస్ ఒలింపియాడ్‌లో ఒకే జట్టుగా స్వర్ణం తెచ్చినవాళ్లు. తాన్‌పై గెలిచిన ఆట 101 ఎత్తుల దాకా సాగింది. మీరు ముప్పయ్యో ఎత్తుకే ఫోన్ వైపు చూస్తారని నాకు తెలుసు, అందుకే ఆ అంకె రాశాను.

ఫైనల్లో రెండు క్లాసికల్ ఆటలూ డ్రా. జులై 28న టైబ్రేక్. మొదటి ర్యాపిడ్ కూడా డ్రా అయింది. రెండోదానిలో తెల్లపావులు హంపివి. ఆట చివరికి వచ్చేసరికి ఆమె గడియారం తరిగిపోయింది; ఆ ఒత్తిడిలో చెయ్యి తడబడింది, నల్లపావులతో దివ్య గెలిచింది. నాలుగు రోజుల కిందట లీ మీద అంతకంటే తక్కువ వ్యవధిలో నిలబడిన మనిషే ఈ రోజు తడబడింది. మరి దీన్ని వయసు ఖాతాలో ఎలా వేస్తాం? అలసట కావచ్చు, ఎదుట కూర్చున్న అమ్మాయి పట్టుదల కావచ్చు. ఆట ముగియగానే దివ్యకు కన్నీళ్లు ఆగలేదు. వెళ్లి తల్లిని పట్టుకుని ఏడ్చింది. గ్రాండ్‌మాస్టర్ కావాలంటే మామూలుగా మూడు నార్మ్‌లు (పెద్ద పోటీల్లో ఆ స్థాయికి తగ్గట్టు ఆడినందుకు దక్కే గుర్తింపులు), ఆట బలాన్ని కొలిచే అంకెలో 2500 రేటింగ్ కావాలి. ఒక్క నార్మ్ కూడా లేకుండా బతూమికి వెళ్లిన దివ్య, కప్పు గెలిచినందుకు నేరుగా గ్రాండ్‌మాస్టర్ అయి, భారతదేశంలో 88వదిగా, మహిళల్లో హంపి, హారిక, వైశాలిల తరువాత నాలుగోదిగా నిలిచింది.

ఈసారి వచ్చేటప్పుడు మీ చెస్ గడియారం మరిచిపోకుండా తెచ్చుకోండి. నాకు పదిహేను నిమిషాలు, మీకు అయిదు. మంత్రిని మాత్రం ఈసారి ఊరికే ఇవ్వను.

ఇట్లు,
మీ తాతయ్య