పుస్తకమై వచ్చిన ఫోన్: పదహారేళ్ల నిషేధ చర్చకు నేపథ్యం

ఆస్ట్రేలియాలో 16 ఏళ్లు నిండనివారికి సోషల్ మీడియా ఖాతాలు ఉండరాదన్న నిబంధన 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చాక, అలాంటి నిషేధం మనకూ కావాలన్న మాట ఆన్‌లైన్ వేధింపుల వార్త వచ్చినప్పుడల్లా వినిపిస్తోంది. ఫోన్ పిల్లల చేతికి ఎలా వచ్చిందన్నది మాత్రం ఈ చర్చలో ఎవరికీ గుర్తు రావడం లేదు.

దాన్ని చేతికిచ్చింది మనమే. కరోనా వల్ల బడులు మూతపడగా, తెలంగాణలో 2020 సెప్టెంబర్ 1న ప్రభుత్వ విద్యా ఛానల్ టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. హోంవర్కు వాట్సాప్ గ్రూపుల్లోకి చేరింది. టీచర్లున్న గ్రూపు పక్కనే టీచర్లు లేని గ్రూపులూ పుట్టుకొచ్చాయి. అంతకుముందు బడి గంటతో ఆగిపోయే ఎగతాళి ఇక రాత్రి పదకొండింటికి కూడా ఆగేది కాదు. ఒక అమ్మాయి ఫొటోను స్టిక్కరుగా మార్చి ప్రతి సందేశం కిందా పెడుతుంటే, తట్టుకోలేక ఆమె గ్రూపు వదిలినా, వదిలిన సంగతి ఆ రోజుల్లో అందరికీ కనిపించేది; దాని మీద మళ్లీ నవ్వులు.

చట్టం వైపు చూస్తే, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టులో జస్టిస్ చలమేశ్వర్, జస్టిస్ నారిమన్‌ల ధర్మాసనం 2015 మార్చి 24న కొట్టివేసింది. ఆ సెక్షన్ దుర్వినియోగమైన తీరు చూస్తే అది సరైన తీర్పే. కానీ బెదిరింపు, అశ్లీలం లేని ఎగతాళికి నేరుగా వర్తించే సెక్షన్ దొరకడం ఆ తర్వాత కష్టమైంది. వెంటపడి వేధించడంపై ఉన్న సెక్షన్ బాధితురాలు స్త్రీ అయితేనే వర్తిస్తుంది కనుక, తోటివారు ఏడిపించే అబ్బాయికి అదీ అక్కరకు రాదు.

నిషేధం కోరే తల్లిదండ్రుల ఆందోళన నిజమైనదే. అయితే పిల్లలు ఇంట్లో నోరు విప్పకపోవడానికి ఒక పెద్ద కారణం, చెబితే ఫోన్ లాక్కుంటారన్న భయం. ఫోన్ పోతే పాఠమూ, స్నేహితులూ పోతారని వారికి 2020లోనే అర్థమైంది. అందుకే కోప్పడకుండా ముందు వినాలి. బ్లాక్ చేసేముందు తేదీ, ప్రొఫైల్ లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, పిల్లలతో కలిసే జాతీయ సైబర్ నేరాల పోర్టల్ cybercrime.gov.in లో ఫిర్యాదు చేయాలి. వెక్కిరింపు తన తప్పు వల్ల వచ్చింది కాదని తనకు తాను చెప్పుకోగలగడం, నమ్మిన ఒక్కరితోనైనా పంచుకోవడం మనోనిబ్బరానికి మొదటి మెట్లు. దిగులు తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 ఉంది.

18 ఏళ్లలోపు వారి డేటాకు తల్లిదండ్రుల సమ్మతి తప్పనిసరి చేసిన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబర్‌లో వెలువడిన నియమాలు, ఆ బాధ్యత అమలుకు సంస్థలకు 18 నెలల గడువిచ్చాయి. ఆ లోగా ప్రతి తరగతి గది గోడ మీదా ఆ పోర్టల్ చిరునామా, టెలీమానస్ నంబరు రాయించడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు.