ఒరిజినల్ స్కేల్‌లో పాడితేనే పాడినట్టా? గాయకుల అపోహలు - వాస్తవాలు

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టిన కరోకే సాయంత్రంలోనో ఓ గంట కూర్చోండి. పల్లవి హాయిగా సాగుతుంది. చరణం మూడో లైనుకొచ్చేసరికి గడ్డం పైకి లేస్తుంది, మెడ నరాలు తేలతాయి, స్వరం అందక అరుపైపోతుంది. దిగొచ్చాక అనే మాట ఒకటే: "నాకు కాన్ఫిడెన్స్ లేదండీ." కాన్ఫిడెన్స్ ఉన్నా ఆ స్వరం అందేది కాదు. స్కేల్ (పాటకు ఆధారమైన శ్రుతి) తప్పు.

అపోహ: ఒరిజినల్ స్కేల్‌లో పాడితేనే గొప్ప. తగ్గిస్తే చేతకానట్టు.

వాస్తవం: ఆ స్కేల్ మొదట పాడినవారి గొంతును బట్టి పెట్టింది. త్యాగరాజ కృతిని ఒకరు ఒకటిన్నర శ్రుతిలో, ఇంకొకరు ఐదులో పాడితే ఎవరూ తప్పుపట్టరు (కీబోర్డు మీద తెల్ల మెట్లు ఒకటి నుంచి ఏడు, మధ్య నల్లవి అరలు). సినిమా పాట దగ్గరికొచ్చేసరికి ఎందుకీ పట్టుదల? పైగా ఇప్పటి పాటలు లైను లైనుగా రికార్డు చేసి, బాగా వచ్చిన ముక్కలు అతికి, శ్రుతి సవరించినవి. వేదిక మీద ఏకబిగిన పాడుతూ దానితో పోటీ పడితే నలిగేది మీ గొంతే. అందని స్వరాన్ని బలంగా తోస్తే స్వరతంత్రులు గట్టిగా కొట్టుకుని వాస్తాయి. మర్నాడు తారషడ్జం (పై స) జోలపాటంత మెల్లగా పాడి చూడండి. గట్టిగా అంటేనే పలుకుతోంది, మెల్లగా అంటే గాలే వస్తోంది అంటే వాపు ఉన్నట్టే. ఆ రోజు పాడకండి. ఇలా నెలల తరబడి సాగితే తంత్రుల మీద బొడిపెలు వస్తాయి.

మీ శ్రుతి కనుక్కోవడం పావుగంట పని. నిద్ర లేచిన వెంటనే వద్దు, రెండు గంటలు గడవనివ్వండి. తంబూరా యాప్‌లో మగవాళ్లు ఒకటి దగ్గర, ఆడవాళ్లు ఐదు దగ్గర మొదలుపెట్టండి. మంద్ర పంచమం (కింది ప) గాలిలా కాక నాదంగా పలకాలి. తార మధ్యమం (పై మ) దవడ బిగించకుండా అందాలి. కింద మాయమైతే అర శ్రుతి పెంచండి, పైన కీచుమంటే అర తగ్గించండి. (మూడున్నర పెట్టమని అడిగి కీబోర్డు వాయించేవాళ్లను ఇబ్బంది పెట్టకండి. మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టే లేదు.)

ఇక సినిమా పాట. పల్లవి చూసి స్కేల్ ఎంచుకోవడమే అందరూ చేసే పొరపాటు. పాట మొత్తంలో అతి పై స్వరం ఎక్కడుందో ముందు పట్టుకోండి, చాలాసార్లు అది చరణంలోనే ఉంటుంది. అక్కడి నుంచి ట్రాక్‌ను (పాడే గొంతు లేని సంగీతాన్ని) ఒక్కో మెట్టు దించుతూ, ఆ లైను వరసగా మూడుసార్లు తేలిగ్గా వచ్చేచోట ఆగండి. రెండు మూడు మెట్ల వరకు ట్రాక్ బాగానే ఉంటుంది, ఆ పైన తబలా కుండలా మోగుతుంది. ఐదున్నరలో ఉన్న పాటను ఒకటిన్నరకు తేవాలంటే ఏడు మెట్లు దించాలి. అలాంటప్పుడు ట్రాక్ కొత్తగా చేయించుకోవాలి, లేదంటే వేరే పాట చూసుకోవాలి.

అపోహ: ఘంటసాల గారిలా, బాలు గారిలా వినిపిస్తేనే స్టైల్.

వాస్తవం: నేర్చుకునేటప్పుడు అనుకరణ మంచిదే. ఆ బరువు కోసం గొంతును కిందికి నొక్కిపట్టడం దగ్గరే చెడుతుంది. అచ్చులన్నీ "ఓ" వైపు జారి, మాట ముద్దవుతుంది. పాట వచ్చేశాక ఒక వారం ఒరిజినల్ వినడం మానేయండి. సాహిత్యం కాగితం మీద రాసుకుని, రాగం లేకుండా ఎవరికో చెబుతున్నట్టు చదవండి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, ఏ మాట మీద నిలబడాలో, ఏ సంగతి (లైనును మలుపులు తిప్పి పాడడం) వదిలేయాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. తర్వాత తంబూరాతో మాత్రమే పాడండి. స్టైల్ అంటే ఈ మూడు నిర్ణయాలే. ళ, ణ, ష సరిగ్గా పలకడం మాత్రం స్టైల్ లెక్కలోకి రాదు, అది కనీస బాధ్యత.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"రికార్డింగులో నా గొంతు నాకే నచ్చదు." మాట్లాడేటప్పుడు మీ గొంతు మీకు ఎముకల ద్వారా కూడా వినిపిస్తుంది కాబట్టి నిండుగా ఉంటుంది, ఫోన్‌లో ఆ వాటా ఉండదు. అందరికీ అంతే. దానికి దిగులు వద్దు.

"చల్లనీళ్లు తాగితే గొంతు పోతుంది, మిరియాలు నమిలితే తెరుచుకుంటుంది." మింగినదేదీ స్వరతంత్రులను తాకదు, అన్నవాహికలోకి పోతుంది. తాగిన నీరు తంత్రులకు పనిచేయడానికి గంటలు పడుతుంది. వేదికెక్కే ముందు బాటిల్ ఖాళీ చేస్తే లాభం లేదు, పొద్దుటి నుంచీ తాగండి. బొంగురు రెండు మూడు వారాలు దాటితే చిట్కాలు ఆపి ఈఎన్‌టీ డాక్టరును కలవండి.

"శాస్త్రీయం రాకపోతే పాడలేం." శాస్త్రీయ శిక్షణ లేని బాలు గారికే శంకరాభరణంలో పాడినందుకు జాతీయ అవార్డు వచ్చింది. సాధన ఎగ్గొట్టడానికి మాత్రం దీన్ని సాకుగా వాడకండి.

"భయం పోయాకే స్టేజీ ఎక్కాలి." భయం పోదు. నోరు ఎండుతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, లయ పరుగెడుతుంది. పేరు పిలిచే ముందు నాలుగు అంకెలు పీల్చి ఎనిమిది అంకెలు వదలండి, ఐదారుసార్లు. మొదటి పాట మధ్యస్థాయిలోది పెట్టుకోండి. మైకు పెదవులకు రెండు మూడు అంగుళాల దూరంలో ఉండాలి, పై స్వరానికి కాస్త వెనక్కి లాగాలి. మైకు తలను గుప్పిట్లో మూస్తే కూత పెడుతుంది. మానిటర్‌లో (మీవైపు తిప్పిన స్పీకరులో) మీ గొంతు మీకు వినపడకపోతే తెలియకుండానే అరుస్తారు, అందుకే సౌండ్ చెక్‌లో అది అడిగి పెట్టించుకోండి.

ట్రాక్ ఇచ్చేటప్పుడు ఫైల్ పేరులోనే "మైనస్ 3" (మూడు మెట్లు దించింది) అని రాయండి. ఆపరేటర్ లాప్‌టాప్‌లో అదే పాట రెండుంటే, మీ వంతు వచ్చేసరికి మోగేది ఒరిజినలే.