నాగల్ గొడవకు మూలం 2013లో ఉంది

2024 సెప్టెంబరు 14, 15 తేదీల్లో స్టాక్‌హోమ్‌లోని రాయల్ టెన్నిస్ హాల్‌లో, దేశాల మధ్య జరిగే టెన్నిస్ జట్టు పోటీ అయిన డేవిస్ కప్‌లో స్వీడన్ చేతిలో భారత్ 0-4తో ఓడింది. డబుల్స్‌నే నమ్ముకున్న శ్రీరామ్ బాలాజీని సింగిల్స్‌లో ఎలియాస్ యెమెర్ మీదకు దింపాల్సి వచ్చింది. రామ్‌కుమార్ రామనాథన్ ఒకప్పటి దిగ్గజం బ్యోర్న్ బోర్గ్ కొడుకు లియో చేతిలో ఓడాడు. సింగిల్స్‌లో అప్పటి దేశపు నంబర్‌వన్ సుమిత్ నాగల్ వెన్నునొప్పి అని రాలేదు. యూకీ బాంబ్రీ ఆడనన్నాడు.

ఓటమి చేదు ఇంకా పోకముందే అఖిల భారత టెన్నిస్ సంఘం (ఐటా) అప్పటి అధ్యక్షుడు అనిల్ జైన్ మరో మాట బయటపెట్టారు. దేశం తరఫున ఆడాలంటే ఏడాదికి 50 వేల డాలర్లు ఇవ్వమని నాగల్ అడిగాడట. వృత్తి క్రీడల్లో ఆటగాడికి ప్రతిఫలం ఇవ్వడం ఎక్కడైనా ఉన్నదే, దేశానికి ఆడినా అంతే, ఇది సొంత లాభం కోసం అడిగింది కాదు అని నాగల్ బదులిచ్చాడు. ఇక దేశభక్తి మీద చర్చ మొదలైంది.

భారత్ చేరిన 1966, 1974, 1987 డేవిస్ కప్ ఫైనళ్ల కథ అందరికీ తెలిసిందే. కృష్ణన్‌లు, అమృత్‌రాజ్‌ల కాలం నుంచి మొదలుపెడితే ఈ తగువు అర్థం కాదు. దాని ముడి పడింది 2013 జనవరిలో.

అంతకు ఆరు నెలల ముందు లండన్ ఒలింపిక్స్ రభస నడిచింది. డబుల్స్‌కు లియాండర్ పేస్, మహేశ్ భూపతి జోడీ అని ఐటా ప్రకటిస్తే భూపతి కాదన్నాడు, రోహన్ బోపన్న కూడా పేస్‌తో ఆడనన్నాడు. చివరికి పేస్ పక్కన హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్‌ను పంపి, భూపతి-బోపన్నలను రెండో జోడీగా పంపారు. పేస్‌ను బుజ్జగించడానికి మిక్స్‌డ్ డబుల్స్‌లో తనను ఎరగా వాడుకున్నారని సానియా మీర్జా బహిరంగంగానే బాధపడింది. ఒలింపిక్స్ ముగిశాక భూపతి, బోపన్నలను 2014 జూన్ వరకు జట్టులోకి తీసుకోబోమని ఐటా ప్రకటించింది. వాళ్లు కర్ణాటక హైకోర్టుకు వెళ్లారు. పత్రికలు దీన్ని పేస్, భూపతి పాత వైరంగానే చూశాయి. ఇద్దరు పెద్దవాళ్ల తగవులాటకు బోపన్న, విష్ణు, సానియా ముగ్గురూ మూల్యం చెల్లించారని అప్పట్లో ఎవరూ గట్టిగా అనలేదు.

ఆ చలికాలంలోనే ఆటగాళ్లు ఐటా ముందు పెట్టడానికి ఒక కోరికల జాబితా రాశారు. ముందు నిలబడింది సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్. పేస్‌తోనో భూపతితోనో పంతం పట్టిన మనిషి కాదు. 2010 ఆసియా క్రీడల్లో సింగిల్స్, డబుల్స్ రెండింటా స్వర్ణం తెచ్చినవాడు. అదే ఏడాది చెన్నైలో బ్రెజిల్‌పై 0-2 నుంచి భారత్ 3-2తో గెలిచి డేవిస్ కప్ పై శ్రేణి అయిన వరల్డ్ గ్రూప్‌లో నిలిచినప్పుడు ముందుండి ఆడినవాడు. అతని వెంట భూపతి, బోపన్న, యూకీ, విష్ణువర్ధన్, సనమ్ సింగ్, సాకేత్ మైనేని, దివిజ్ శరణ్ నిలిచారు. ఈ ఎనిమిది మందిలో ఇద్దరు మన తెలుగువాళ్లు. వాళ్లలో సాకేత్‌కు అప్పటికి డేవిస్ కప్‌లో ఒక్క మ్యాచ్ ఆడే అవకాశం కూడా రాలేదు. ఆ అవకాశమే చేజారిపోవచ్చని తెలిసి కూడా ఆ కుర్రాడు వెనక్కి తగ్గలేదు. అతని తెగువకు నాకు ఇప్పటికీ గౌరవం.

వాళ్లు ఏమడిగారు? కెప్టెన్ (తాను ఆడకుండా జట్టును నడిపేవాడు), కోచ్, ఫిజియోలను మార్చాలన్నారు. ఎక్కడ ఆడాలి, ఏ కోర్టు మీద ఆడాలి అన్నది తమను అడిగి తేల్చమన్నారు. దూరప్రయాణాలకు బిజినెస్ క్లాస్, ప్రైజ్‌మనీలో మెరుగైన వాటా కోరారు. బయట ప్రచారమైంది మాత్రం చివరి రెండే. విమానం సీటు కోసం దేశాన్ని వదిలారన్న మాట అప్పుడు పుట్టింది, నాగల్ విషయంలోనూ అదే వినిపించింది.

కోర్టు సంగతి కాస్త దగ్గరగా చూడాలి. ఏడాదంతా క్లే (మట్టి), హార్డ్ కోర్టుల మీద ఛాలెంజర్లు (రెండో స్థాయి టోర్నీలు) ఆడేవాడిని వారం ముందు పిలిచి గడ్డి మీద ఆడమంటే ఏమవుతుంది? గడ్డి మీద బంతి లేవదు, జారిపోతుంది. భుజం ఎత్తున బంతిని టాప్‌స్పిన్‌తో బాదే అలవాటున్నవాడు మోకాళ్ల దగ్గర ఏరుకోవాల్సి వస్తుంది. బూట్లు వేరు, అడుగు వేరు. తిరిగి క్లే మీదకు వచ్చాక లయ దొరకడానికి ఇంకొన్ని రోజులు పోతాయి. ఆ రోజుల్లో పోయిన టోర్నీలు ర్యాంకింగ్‌లో కనిపిస్తాయి. ఇదంతా తెలిసినవాడు, టూర్‌లో తమతో తిరిగేవాడు జట్టును నడపాలన్నదే వాళ్ల అసలు కోరిక.

అప్పటి కెప్టెన్ ఎస్.పి. మిశ్రా హైదరాబాద్ మనిషి, తన కాలంలో భారత్‌కు డేవిస్ కప్ ఆడినవాడు. ఆయన పెద్దరికం మీద వివాదం లేదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చోవాలో నిర్ణయించేది ఎవరన్నదే ప్రశ్న.

ఐటా వాదన కూడా ఉంది. కెప్టెన్‌ను ఎంచుకునే హక్కు ఆటగాళ్లకు ఇస్తే క్రమశిక్షణ ఉండదని, డబ్బు విషయాల్లో తాము దిగివచ్చినా వాళ్లు తగ్గలేదని చెప్పింది. ఆ మాట మీదే నిలబడి ఎనిమిది మందినీ వదిలేసి దక్షిణ కొరియా మీదకు మరో జట్టును పంపింది. లియాండర్ పేస్, పురవ్ రాజా, వి.ఎం. రంజీత్, విజయంత్ మాలిక్. ఫిబ్రవరి 1 నుంచి 3 వరకు ఢిల్లీలో పోటీ. ముప్పై తొమ్మిదేళ్ల పేస్ డబుల్స్ గెలిపించాడు. సింగిల్స్ నాలుగూ పోయాయి, 1-4.

ఆ ఓటమితో ఐటా దారికి వచ్చింది. జీషన్ అలీ కోచ్ అయ్యాడు. ఏప్రిల్‌లో బెంగళూరులో ఇండోనేసియాపై అలిగినవాళ్లు తిరిగి వచ్చి 5-0తో గెలిచారు. 2014 నుంచి ఆటగాళ్లు కోరుకున్న ఆనంద్ అమృత్‌రాజ్ కెప్టెన్. ఆ ఫిబ్రవరిలో ఇండోర్‌లో చైనీస్ తైపీపై సాకేత్ బోపన్న పక్కన డబుల్స్‌కు దిగాడు.

ఆ తర్వాతి కాలం చూడండి. 2014 నుంచి 2018 వరకు ఏటా భారత్ వరల్డ్ గ్రూప్‌లో చోటు తేల్చే ప్లేఆఫ్ దాకా వెళ్లింది. ఒక్కటీ గెలవలేదు, నిజమే. కానీ 2014 సెప్టెంబరులో బెంగళూరులో సెర్బియాపై 0-2తో వెనకబడ్డ జట్టును ముందు పేస్-బోపన్న రెండు సెట్లు పోగొట్టుకున్న మ్యాచ్ గెలిచి నిలబెట్టారు. ఆ తర్వాత సోమ్‌దేవ్ లాయోవిచ్‌ను ఐదు సెట్లలో ఓడించి 2-2 చేశాడు. వర్షంతో సోమవారానికి వెళ్లిన చివరి మ్యాచ్‌లో యూకీ ఓడాడు. ఏడాదిన్నర కిందట మాట్లాడుకోని పేస్, బోపన్న ఆ శనివారం ఒకే కోర్టులో భుజం భుజం కలిపారంటే ఆ రాజీ ఎంత పని చేసిందో తెలుస్తుంది.

కానీ ఐటా రాజీపడింది ఆ ఒక్క పేరు దగ్గరే, పద్ధతి దగ్గర కాదు. 2016 చివర్లో ఆనంద్‌నే ఉంచమని ఆటగాళ్లు అడిగినా తప్పించి భూపతిని పెట్టింది. 2019లో ఇస్లామాబాద్ వెళ్లడానికి భూపతి, సీనియర్ ఆటగాళ్లు వెనకాడితే భూపతిని తీసేసి, సెలక్షన్ కమిటీ ఛైర్మన్‌గా ఉన్న రోహిత్ రాజ్‌పాల్‌ను కెప్టెన్ చేసింది. ఆ పోటీ చివరికి కజకిస్తాన్‌కు మారింది, భారత్ 4-0తో గెలిచింది. ఆటగాళ్ల భయం అర్థం లేనిది కాదని వేదిక మార్పే ఒప్పుకుంది. అయినా పదవి పోయినవాడికి తిరిగి రాలేదు. 2023 ఫిబ్రవరిలో డెన్మార్క్‌పై 2-3తో ఓడి భారత్ తొలిసారి వరల్డ్ గ్రూప్ 2 అనే కింది శ్రేణికి జారింది.

నాగల్ సంగతి ఈ వరుసలో పెట్టి చూడాలి. 2023 సెప్టెంబరులో తన ఖాతాలో 900 యూరోలే మిగిలాయని చెప్పినవాడు అతను. కోచ్, ఫిజియో, విమానాలు, హోటళ్లు, రాకెట్ తీగలు అన్నీ తన జేబులోంచే. గడ్డి కోర్టు తనకు పడదని 2024 ఫిబ్రవరి ఇస్లామాబాద్ పోటీకి రానంటే, ఆస్ట్రేలియన్ ఓపెన్‌లోకి నేరుగా ప్రవేశం (వైల్డ్‌కార్డ్) ఇచ్చే ఆసియా-పసిఫిక్ పోటీకి ఐటా అతని పేరు పంపలేదు. అతను క్వాలిఫయింగ్ ఆడి మెయిన్ డ్రాకు వచ్చి, 31వ సీడ్ (ర్యాంకును బట్టి టోర్నీ ముందు వరుసలో పెట్టినవాడు) బుబ్లిక్‌ను ఓడించాడు. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో భారత పురుషుడు సీడ్‌ను ఓడించడం 35 ఏళ్లలో అదే మొదటిసారి. జులైలో 68వ ర్యాంకు అందుకున్నాడు. రెండు నెలలకే డబ్బు మనిషి అనిపించుకున్నాడు.

2016 నుంచి డేవిస్ కప్‌లో ర్యాంకింగ్ పాయింట్లు కూడా లేవు. పైగా ఒలింపిక్స్‌కు వెళ్లాలంటే డేవిస్ కప్‌కు అందుబాటులో ఉండాలన్న అంతర్జాతీయ సమాఖ్య నిబంధన ఆటగాడి మెడ మీద ఉంటుంది, దాని పిడి జాతీయ సంఘం చేతిలో ఉంటుంది. డేవిస్ కప్ ప్రైజ్‌మనీలో ఆటగాళ్లకు వాటా ఇస్తూనే ఉన్నామని ఐటా అప్పుడు అంది. వారం ఆటకు వాటా వేరు, ఏడాది పొడుగునా దేశపు మొదటి ఆటగాడిని నిలబెట్టడం వేరు. నాగల్ అడిగింది రెండోది.

 ఇకమీదట ఏ జట్టుకైనా పేర్లు అడిగేలోపు ఐటా ఆటగాళ్లతో కూర్చుని ఏడాది ఒప్పందం, కోర్టు, కెప్టెన్ మూడింటి మీదా మాట్లాడాలి. 2013 జనవరిలో సోమ్‌దేవ్ అడిగినవీ దాదాపు ఇవే.