ఓడిన రోజే వేసిన దావా

వలసదారుల విషయంలో సహకరించని నగరాలకు ఫెడరల్ డబ్బు ఆపడం మీద శాన్‌ఫ్రాన్సిస్కోకూ ట్రంప్ ప్రభుత్వానికీ మధ్య గొడవ 2025 ఫిబ్రవరిలో మళ్లీ కోర్టుకెక్కింది. దావా వేసింది నగరం తరఫున కోర్టుల్లో వాదించే ఇప్పటి సిటీ అటార్నీ డేవిడ్ చూ. ఆయన నడుస్తున్న దారి మాత్రం అంతకు ముందు దాదాపు ఇరవై ఏళ్లు, అంటే 2002 నుంచి 2021 దాకా, ఆ కుర్చీలో కూర్చున్న డెనిస్ హెరెరా వేసిందే.

మన కార్పొరేషన్లు పెట్టుకునే స్టాండింగ్ కౌన్సిల్ లాంటి పదవి కాదిది. అక్కడ సిటీ అటార్నీని జనమే ఓటేసి ఎన్నుకుంటారు. మేయర్‌కు కోపమొస్తే పోయే ఉద్యోగం కాదు.

హెరెరా గురించి రాసేవాళ్లు స్వలింగ వివాహాల మీద 2008లో వచ్చిన గెలుపును తలుచుకుంటారు. అసలు మలుపు అంతకు నాలుగేళ్ల ముందు, ఒక ఓటమిలో ఉంది. 2004 ఫిబ్రవరి 12న మేయర్ గావిన్ న్యూసమ్, అలాంటి పెళ్లిళ్లను ఒప్పుకోని కాలిఫోర్నియా రాష్ట్ర చట్టాన్ని పక్కన పెట్టి స్వలింగ జంటలకు పెళ్లి లైసెన్సులు ఇప్పించడం మొదలుపెట్టారు. నెల తిరక్కుండా సుమారు 4,000 జంటలు పెళ్లి చేసుకున్నాయి. మేయర్ తరఫున హెరెరా ఆఫీసే వాదించింది. మార్చి 11న రాష్ట్ర సుప్రీంకోర్టు లైసెన్సులు ఆపమంది. ఆగస్టులో ఆ పెళ్లిళ్లన్నీ చెల్లవంది. చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని అనిపించినంత మాత్రాన స్థానిక అధికారులు దాన్ని పక్కన పెట్టలేరు, ఆ మాట కోర్టే తేల్చాలి అన్నది తీర్పు సారాంశం.

హెరెరా ఆగస్టు దాకా ఆగలేదు. మార్చి 11నే, ఆ చట్టం చెల్లదంటూ నగరం పేరుతో దావా వేసేశారు. 2008 మే 15న 4-3తో గెలిచింది ఆ దావాయే. ఆ నవంబరులో ఓటర్లు దాన్ని తిరగగొట్టడం, 2013 దాకా సాగిన పోరాటం వేరే కథ.

చట్టాన్ని పక్కన పెట్టడం కాదు, కోర్టుకెళ్లాలి అని అప్పుడు నేర్చిన పాఠం 2017లో పనికొచ్చింది. వలసదారుల విషయంలో ఫెడరల్ అధికారులకు సహకరించని నగరాలకు నిధులు ఆపాలని ట్రంప్ జనవరి 25న ఉత్తర్వు ఇచ్చారు. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఏటా వచ్చే ఫెడరల్ డబ్బు 100 కోట్ల డాలర్లకు పైమాటే. ఆరో రోజుకల్లా హెరెరా కోర్టులో ఉన్నారు. నగర పోలీసులను వలస శాఖ పనికి వాడుకునే హక్కు కేంద్రానికి లేదని, నిధులకు షరతులు పెట్టే అధికారం కాంగ్రెస్‌దే తప్ప అధ్యక్షుడిది కాదని ఆయన వాదన. ఈసారి చట్టం దాటింది కేంద్రమే అన్నమాట.

కేంద్రం వైపు మాటా ఉంది. ఐదుసార్లు దేశం దాటించిన వ్యక్తిని, వలస శాఖ అట్టిపెట్టమన్నా నగర జైలు వదిలేసింది. 2015లో అతని చేతిలోని తుపాకీ పేలి ఒక యువతి చనిపోయింది. అయితే కోర్టులో ప్రభుత్వ లాయర్లు ఈ ఉత్తర్వు మూడు గ్రాంట్లకే వర్తిస్తుందంటూ వెనక్కి తగ్గారు. జడ్జి విలియం ఓరిక్ నమ్మలేదు, ఉత్తర్వు అమలును దేశమంతటా ఆపేశారు. 2018లో అప్పీలు కోర్టు కూడా అది చెల్లదనే చెప్పింది. కాకపోతే ఆ నిషేధం దేశమంతటికీ ఎందుకో తేల్చమంటూ ఆ ఒక్క అంశాన్ని వెనక్కి పంపింది.

2021లో హెరెరా నగర నీటి, కరెంటు సంస్థకు అధిపతిగా వెళ్లిపోయారు. 2025 దావా చేరింది మళ్లీ ఓరిక్ బెంచికే. ఏప్రిల్ 24న నిధులు ఆపొద్దని ఉత్తర్వు ఇస్తూ ఆయన రాసిన మాట: మళ్లీ ఇక్కడికే వచ్చాం.