యానాం పొలిమేర: పరారీకి పాత దారి

నీలపల్లి నుంచి యానాంలోకి నడిచి వెళ్తే ఆంధ్ర ఎక్కడ అయిపోయిందో చెట్టూ చేమా చెప్పవు. అవే కొబ్బరి చెట్లు, అదే తెలుగు. కానిస్టేబుల్ నెత్తిన ఎర్ర టోపీ కనిపిస్తే పుదుచ్చేరి వచ్చేసినట్టు. ఆ టోపీ ఫ్రెంచివాళ్లు వదిలి వెళ్లిందే.

30 చదరపు కిలోమీటర్ల ఈ ముక్క 1954 దాకా వాళ్లది, చుట్టూ ఇంగ్లీషు రాజ్యం. కేసు పడ్డవాడు పొలిమేర దాటితే కాకినాడ పోలీసు చెయ్యి అక్కడితో ఆగిపోయేది. అలాగని ఏర్పాటు లేకపోలేదు. పారిపోయి వచ్చినవాణ్ణి ఒకరికొకరు అప్పగించుకోవాలని 1815 ఒప్పందంలో రెండు దేశాలూ రాసుకున్నాయి. కానీ యానాం మీద పెత్తనం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పాండిచ్చేరిది. రాజకీయ కేసుల్లో అదీ పనిచేయలేదు. 1908లో సుబ్రహ్మణ్య భారతి, 1910లో అరవిందుడు పాండిచ్చేరి చేరాక బ్రిటిష్ సీఐడీ వాళ్లమీద నిఘా పెట్టగలిగింది, అంతే.

నేరం చేసి పారిపోయేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. 1930 ఏప్రిల్‌లో బాల్యవివాహాలు వద్దన్న శారదా చట్టం అమల్లోకి వచ్చాక గోదావరి జిల్లాల పెద్దమనుషులు నేరం చెయ్యడానికే యానాం వెళ్లారు, పిల్లల పెళ్లిళ్లకి!

1954 నవంబర్ 1న పాలన భారత్ చేతికొచ్చింది, 1962 ఆగస్టులో విలీనం చట్టరీత్యా పూర్తయింది. గీత మాత్రం చెరగలేదు. వారంట్ లేకుండా పట్టుకోదగ్గ నిందితుణ్ణి దేశంలో ఎక్కడికైనా వెంటాడొచ్చని 1973 నాటి నేరస్మృతి 48వ సెక్షన్ చెప్పింది, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో అది 45. చిక్కంతా పట్టుకున్నాకే. వారంట్ మీద పట్టుకుంటే, దాన్ని ఇచ్చిన కోర్టు 30 కిలోమీటర్లలోపు ఉంటే నేరుగా తీసుకుపోవచ్చు. అంతకంటే దూరాన ఉన్న భీమవరం కేసైతే ముందు యానాంలోనే మేజిస్ట్రేటు ముందో ఎస్పీ ముందో నిలబెట్టాలి. పైగా యానాం కోర్టు మద్రాసు హైకోర్టు కింద, భీమవరం కోర్టు అమరావతి హైకోర్టు కింద.

స్టేషన్ల రికార్డులన్నీ కంప్యూటర్లో కలిపే సీసీటీఎన్‌ఎస్‌కి 2009లో కేంద్రం ఒప్పుకుంది. మంచిదే. నన్నడిగితే, ఈ ఎస్సై ఆ ఎస్సైకి ఫోన్ కొట్టకపోతే ఏ నెట్‌వర్కూ దొంగ కాలర్ పట్టుకోదు.

2002లో ఎదుర్లంక వంతెన కట్టకముందు గోదావరి పాయ గౌతమి దాటాలంటే పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కాల్సిందే, తప్పిపోతే రేవులో పడిగాపులే. దొంగకైనా, వెనకాల వచ్చే పోలీసుకైనా. ఇప్పుడు ఆ బెడద లేదు గానీ, 2022లో జిల్లాలు విడిపోయాక వంతెనకి ఒక కొస కోనసీమ ఎస్పీది, ఇంకో కొస యానాం ఎస్పీది, ఇంకాస్త ముందుకెళ్తే నీలపల్లి కాకినాడ ఎస్పీది. బైకు మీద పావుగంటలో ముగ్గురినీ దాటిపోవచ్చు.